ఆయన తాగలేదమ్మా, మాత్ర ఎక్కువైంది

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండీ. మా ఆయనకి 38 ఏళ్ళు, రొయ్యల చెరువు మీద పని. ఎనిమిదేళ్ళుగా ఫిట్స్‌కి ఎప్టాయిన్ 100 మాత్రలు రాత్రిపూట మూడు వేసుకుంటున్నారు. ఆరేళ్ళుగా ఫిట్స్ లేవు. నడుము చుట్టూ, తొడల మీద తామర పట్టి ఎంతకీ పోకపోతే మందుల షాపులో అడిగి మాత్రలు వాడారు. అవి పనిచేయలేదంటే వేరేవి ఇచ్చారు. ఇప్పుడు రెండు వారాలుగా నడుస్తుంటే తూలిపోతున్నారు, మాట ముద్దముద్దగా వస్తోంది, ఒకటి రెండుగా కనపడుతోందంటున్నారు. మొన్న గట్టు మీంచి చెరువులో పడబోయారు. తాగి పనిలోకొచ్చాడని చెరువు ఆసామి మానిపించేశాడు. మా అత్తగారిదీ అదే మాట. తాగలేదండీ, నేను నోరు వాసన చూశానండీ. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు నీరసమని రెండు సెలైన్లు పెట్టారు. అమలాపురంలో ఒక డాక్టరు గారు రక్తంలో ఎప్టాయిన్ ఎంతుందో చూడాలని పరీక్ష రాస్తే, డబ్బులు గుంజడానికేనని మా మరిది అంటున్నాడు. ఎప్టాయిన్ ఆపేస్తే సరిపోతుందా? ఈ పరీక్ష నెలనెలా చేయించాలా? మా ఆడపడుచు కూడా ఫిట్స్‌కి వాల్పరిన్ వేసుకుంటుంది, సంబంధాలు చూస్తున్నాం. ఆ అమ్మాయికీ ఇలాగే అవుతుందా?

సమాధానం: అమ్మా, ఉత్తరం కింద ఫోన్ నంబరు రాసి మంచి పని చేశారు. ఇలాంటి వాటికి తీరిగ్గా జవాబు రాస్తూ కూర్చుంటే కుదరదు. అందుకే చదవగానే ఫోన్ చేసి, షాపులో ఇచ్చిన తామర మాత్రలు ఇక వేయొద్దని, ఎప్టాయిన్ మాత్రం సొంతంగా ఆపొద్దని, ఆయన్ని ఆ రోజే అమలాపురం డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి ఆ పరీక్ష చేయించమని చెప్పాను. మీరు వెళ్ళారు. రిపోర్టులో 31 వచ్చింది. ఒక మిల్లీలీటరు రక్తంలో మామూలుగా 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలి. ఆ రోజు హడావిడిలో సగం సగం చెప్పినవన్నీ, అందరూ చదివేలా రాయడానికి మీరు సరేనన్నారు కాబట్టి, ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ ఇంటి సమస్యే ఇంకో పది ఇళ్ళలో ఉండి ఉంటుంది, అక్కడ నోరు వాసన చూసే భార్య ఉండకపోవచ్చు.

ముందు మీ అత్తగారికి, మరిదికి చదివి వినిపించాల్సిన మాట. ఆయన తాగలేదు. ఎప్టాయిన్, అంటే ఫెనిటాయిన్, రక్తంలో ఎక్కువైతే మనిషి అచ్చం తాగినవాడిలాగే ఉంటాడు. తూలుతాడు, నాలుక మడత పడుతుంది, మత్తుగా ఉంటుంది, గ్లాసులో పోసే టీ పక్కన పోస్తాడు. మీరు ఫోన్‌లో చెప్పిన ఆ టీ సంగతి వినగానే నాకు సగం అర్థమైంది. ఆ రోజు డాక్టరు గారు ఆయన కళ్ళ ముందు వేలు అటూ ఇటూ కదిపితే, వేలు వెంట వెళ్ళిన కనుగుడ్లు చివరికి చేరాక కుదురుగా నిలవకుండా టకటకా కొట్టుకున్నాయని చెప్పారు కదా, చూడాల్సిన గుర్తు అదే. తాగినా కనుగుడ్లు కొట్టుకోవచ్చు గానీ, ఎప్టాయిన్ వాడే మనిషిలో అది కనపడితే ముందు అనుమానించాల్సింది మాత్రని, మనిషిని కాదు.

ఎనిమిదేళ్ళు అవే మూడు మాత్రలు వేసుకున్నవాడికి ఇప్పుడే ఎందుకు ఎక్కువైంది అంటారా? మన డెల్టా వాళ్ళకి ఇది చెప్పడం తేలిక. చేలో నీళ్ళు మురుగు కాలువలోకి పోవడానికి తూము ఉంటుంది. తూము ఎంత తీసుకోగలదో అంతే తీసుకుంటుంది. వాన అంతలోపు ఉన్నంతవరకు చేలో నీళ్ళు నిలవవు, ఒక్క పిసరు దాటిందా, ఇక దాటిందల్లా చేలోనే నిలుస్తుంది, రెండ్రోజుల్లో నారు మునుగుతుంది. ఎప్టాయిన్‌కి మన కాలేయం ఆ తూము లాంటిది. చాలా మందులకి మోతాదు రెట్టింపు చేస్తే రక్తంలో స్థాయి కూడా రెట్టింపు అవుతుంది. ఎప్టాయిన్ అలా కాదు. కాలేయం తట్టుకోగల హద్దు దగ్గరికి వచ్చాక కాస్త పెంచినా స్థాయి ఒక్కసారిగా లేచిపోతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి కూడా, డాక్టరైన కొత్తలో, ఒక రైతుకి ఫిట్స్ పూర్తిగా ఆగడం లేదని రోజుకి 300 మిల్లీగ్రాముల నుంచి నేరుగా 400కి పెంచేశాను. రెండు వారాలకి ఆయన్ని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన కళ్ళు కొట్టుకోవడం నాకిప్పటికీ గుర్తే. అప్పటి నుంచి ఈ మందు పెంచాల్సి వస్తే 50 కంటే ఎక్కువ ఒకేసారి పెంచను, పెంచాక రెండు మూడు వారాలు ఆగి చూస్తాను.

మీ ఆయన విషయంలో వాన పెరగలేదు, తూముకి గుర్రపుడెక్క అడ్డం పడింది. మీరు ఫోన్‌లో మాత్రల అట్టలు పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివారు చూడండి, మొదట వాడింది ఇట్రాకొనజోల్, తర్వాత ఇచ్చింది ఫ్లూకొనజోల్ 200, రోజుకొకటి చొప్పున. రెండూ తామరకి ఇచ్చేవే. కానీ ఎప్టాయిన్ వాడే మనిషికి ఈ రెండూ రెండు వేర్వేరు ఇబ్బందులు తెస్తాయి. ఎప్టాయిన్ ఒంట్లో ఉంటే కాలేయం ఇట్రాకొనజోల్‌ని వచ్చింది వచ్చినట్టే కరగదీసేస్తుంది, రక్తంలో దాదాపు ఏమీ మిగలదు. అందుకే నెలన్నర వాడినా తామర చెక్కుచెదరలేదు. మందు మంచిది కాదనో, మీ ఆయన పత్యం చేయలేదనో కాదు. అది పనిచేయలేదని ఇచ్చిన ఫ్లూకొనజోల్ దీనికి తిరగబడినట్టు చేస్తుంది. ఎప్టాయిన్‌ని కరిగించే ఎంజైమునే అది అడ్డుకుంటుంది. మూడు మాత్రలు రోజూ లోపలికి పోతూనే ఉన్నాయి, బయటికి పోయే దారి మూసుకుంది. షాపతను చెడ్డవాడు కాదు, ఆయన ఫిట్స్ మాత్రలు వాడుతున్నారని అతనికి ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు. నాకు కోపమంతా ఆ అడగకపోవడం మీదే.

డాక్టరు గారు ఎప్టాయిన్‌ని రెండు రాత్రులు ఆపించి, మూడో రాత్రి నుంచి మళ్ళీ మొదలుపెట్టమన్నారు, పది రోజులకి మళ్ళీ పరీక్ష చేస్తే 16 వచ్చింది. అది ఆయన్ని చూసి, రిపోర్టు చూసి తీసుకున్న నిర్ణయం. ఇది చదివి ఎవరూ ఇంట్లో అలా చేయకండి. చాలా రోజులుగా వాడుతున్న ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి రావచ్చు, ప్రాణం మీదకి వస్తుంది. మీరు అడిగినట్టు మొత్తానికి ఆపేసి ఉంటే నేనిప్పుడు ఈ జవాబు మరోలా రాయాల్సి వచ్చేది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. స్థాయి ఎక్కువైందని ఎప్టాయిన్‌ని శాశ్వతంగా రెండు మాత్రలకి తగ్గించేశారనుకోండి, ఫ్లూకొనజోల్ ఒంట్లోంచి పోయాక తూము తెరుచుకుంటుంది, అప్పుడు ఆ రెండు మాత్రలు చాలవు. అందుకే ఒక మందు కలిపినప్పుడే కాదు, కలిపిన మందు ఆపినప్పుడు కూడా చూసుకోవాలి.

తామర సంగతి మాత్రం చర్మం డాక్టరుకే చూపించండి, ఎప్టాయిన్ అట్ట చేతిలో పట్టుకుని వెళ్ళండి. పైపూత మందుతోనే తగ్గించొచ్చేమో వాళ్ళు చూస్తారు. షాపుల్లో దొరికే స్టెరాయిడ్ కలిసిన క్రీములు పూయకండి, రెండ్రోజులు దురద ఆగినట్టుండి తర్వాత ఇంకా పాకుతుంది. తడి లుంగీతో పగలంతా ఉంటే ఏ మందూ నిలవదు, అది వేరే చెప్పాలా.

ఇక రక్త పరీక్ష డబ్బులు గుంజడానికేనా అన్న మాట. అనవసరంగా రాసేవాళ్ళు లేరని నేననను. కానీ ఇది మీ ఆయనకి కావాల్సిన పరీక్షే. ఫిట్స్ మందులన్నిటిలోకీ ఎప్టాయిన్‌కి ఇది ఎక్కువ ఉపయోగం. కార్బమాజెపిన్ అయితే 4 నుంచి 12, వాల్‌ప్రొయేట్ (మీ ఆడపడుచు వేసుకునే వాల్పరిన్ ఇదే) అయితే 50 నుంచి 100 మధ్య ఉండాలని లెక్క. లెవిపిల్ లాంటి మాత్రలకి మామూలుగా ఈ పరీక్ష అక్కర్లేదు. నెలనెలా చేయించాల్సిన పని కూడా లేదు. మనిషి బాగుండి, ఫిట్స్ రాకుండా, తూలకుండా ఉంటే ఊరికే చేయించి ఏం లాభం? మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా ఫిట్స్ వస్తుంటే, మీ ఆయనకి వచ్చినలాంటి గుర్తులు కనపడితే, మోతాదు మార్చితే, కొత్త మందు కలిస్తే లేదా పాతది ఆగితే, గర్భం వస్తే, కాలేయమో కిడ్నీయో దెబ్బతింటే, అప్పుడు చేయించాలి. మాత్రలు మింగుతున్నారా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడూ ఇది తేల్చేస్తుంది, అలాంటప్పుడు మనిషిని దొంగని పట్టుకున్నట్టు పట్టుకోకండి, ఎందుకు మానేశాడో అడగండి, చాలాసార్లు డబ్బుల్లేకే అయి ఉంటుంది.

రక్తం ఎప్పుడిచ్చారన్నది కూడా లెక్కే. మామూలు పరీక్షకైతే తర్వాతి మాత్ర వేసుకోబోయే ముందు ఇవ్వాలి. పొద్దునా రాత్రీ వేసుకునేవాళ్ళు పొద్దున మాత్ర వేసుకోకుండా ల్యాబుకి వెళ్ళి, రక్తం ఇచ్చి, అక్కడే నీళ్ళు తాగి మాత్ర వేసుకోవాలి. మాత్ర వేసుకున్న గంటకి ఇచ్చి, అంకె ఎక్కువుందని మోతాదు తగ్గించేసుకున్నవాళ్ళని చూశాను. తూలిపోతున్న మనిషికి మాత్రం ఈ లెక్కలేమీ లేవు, ఏ వేళైనా వెంటనే తీయాల్సిందే. ఆఖరి మాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నారో ల్యాబు చీటీ మీద రాయించండి, అది లేకపోతే అంకె సగం గుడ్డిదే.

ఆ అంకెని చూసే తీరు కూడా చెప్పాలి. 10, 20 అన్నవి గీసిన గీతలు కావు. ఎనిమిది దగ్గరే ఏ ఫిట్సూ లేకుండా హాయిగా ఉన్నవాళ్ళున్నారు, వాళ్ళకి పెంచాల్సిన పని లేదు. పద్దెనిమిదికే తూలేవాళ్ళూ ఉన్నారు. ఇంకా చిక్కుది ఒకటుంది, ఎప్టాయిన్ రక్తంలో నూటికి తొంభై పాళ్ళు ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని తిరుగుతుంది, మిగిలిన పది పాళ్ళే మెదడు మీద పనిచేస్తాయి. ఆల్బుమిన్ తగ్గినవాళ్ళలో, అంటే సరైన తిండి లేకనో కాలేయం పాడయ్యో చిక్కిపోయినవాళ్ళలో, అతుక్కోకుండా తిరిగే మందు పెరుగుతుంది, కానీ రిపోర్టు మాత్రం మామూలుగా కనపడుతుంది. లెక్క చెప్తాను చూడండి. ఆల్బుమిన్ 4 ఉండాల్సింది 2.5కి పడిపోయినవాళ్ళకి ఎప్టాయిన్ 12 వచ్చిందంటే అది మామూలు మనిషికి 20 ఉన్నట్టు. రిపోర్టు నార్మల్ అని పంపేస్తే ఆ మనిషి బస్టాండు దాటేలోపు పడిపోతాడు. అందుకే మంచి డాక్టరు అంకె చూడకముందు మనిషిని ఒకసారి నడిపిస్తాడు, ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్ళు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు.

మాత్ర కంపెనీ మార్చడం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఫెనిటాయిన్ వాడుతున్నవాళ్ళు వరసగా మీ ఆయనలాగే తూలడం మొదలుపెట్టారు. మోతాదు ఎవరూ పెంచలేదు. ఆరా తీస్తే, క్యాప్సూల్‌లో మందుతో పాటు నింపే పొడిని కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కి మార్చారని తేలింది. పాత పొడి మందుని ఒంటికి పట్టనిచ్చేది కాదు, కొత్తది పట్టనిచ్చింది, అంతే తేడా. కాబట్టి షాపులో ఆ కంపెనీది లేదు ఇది వేసుకోండి అంటే, ఫిట్స్ మాత్రలకి మాత్రం ఒప్పుకోకండి. తప్పనిసరైతే మీ డాక్టరుకి చెప్పి మారండి. చవకగా దొరికే జనరిక్ మాత్ర వాడినా తప్పు లేదు, ఎప్పుడూ అదే వాడాలి.

కలపకూడనివి తామర మాత్రలొక్కటే కాదు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది ఫిట్స్ మందుల్ని చాలావాటిని తొందరగా కరిగించి ఫిట్స్ మళ్ళీ తెప్పిస్తుంది. అదే టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ ఎప్టాయిన్‌ని పెంచుతుంది. ఏది గెలుస్తుందో మనిషిని బట్టి ఉంటుంది కాబట్టి వాళ్ళకి పరీక్ష తప్పదు, టీబీ కోర్సు అయిపోయిన రెండు మూడు వారాలకి మళ్ళీ చేయించాలి. కార్బమాజెపిన్ వాడేవాళ్ళు గొంతు నొప్పికి క్లారిత్రోమైసిన్ వేసుకుంటే తూలుతారు. వాళ్ళే గ్రేప్‌ఫ్రూట్ తినకూడదంటారు, మన పంపర పనస దానికి దగ్గర చుట్టం, అందుకే నేను అదీ వద్దంటాను. వాల్పరిన్ వాడేవాళ్ళు ఆసుపత్రిలో చేరితే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఇచ్చేముందు గుర్తుచేయాలి, రోజు రెండు రోజుల్లోనే వాల్పరిన్ స్థాయి పడిపోతుంది. నడుము నొప్పికి ట్రమడాల్, విరేచనాలకి సిప్రోఫ్లాక్సాసిన్, ఇవి రక్తంలో స్థాయిని అటుంచి నేరుగా ఫిట్స్‌నే రేపగలవు. గ్యాస్‌కి తాగే తెల్లటి సిరప్పులు ఎప్టాయిన్‌కి రెండు మూడు గంటలు ఎడంగా తాగాలి. జ్ఞాపకశక్తికని పిల్లలకి పోసే శంఖపుష్పి సిరప్ కూడా ఎప్టాయిన్‌ని తగ్గిస్తుందని మన దేశంలోనే చూశారు. ఇక ఫిట్స్‌కి చూర్ణాలిచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని ఎంత చెప్పినా తక్కువే, అలాంటి పొడుల్లో ఫిట్స్ మాత్రలే నూరి కలిపిన సంగతులు బయటపడ్డాయి, లోపల ఎంత ఉందో ఇచ్చేవాడికే తెలియదు.

మీ ఆడపడుచుకి ఇలా తూలడం వస్తుందేమోనన్న భయం కంటే, ఆ అమ్మాయి వేసుకునే మాత్ర గురించే నాకు ఎక్కువ ఆలోచన. వాల్‌ప్రొయేట్ వాడుతూ గర్భం దాల్చితే పుట్టే బిడ్డల్లో నూటికి పది మందికి అవయవ లోపాలు, ముప్పై నలభై మందికి ఎదుగుదలలో, తెలివిలో ఇబ్బందులు వచ్చే అవకాశం ఉంది. గర్భం వచ్చాక తెలిసి కంగారుగా ఆపేస్తే తల్లికి ప్రమాదం. కాబట్టి పెళ్ళి ముహూర్తం పెట్టుకోకముందే, ఇప్పుడే, న్యూరాలజిస్టుకి చూపించండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రికైనా వెళ్ళండి. మెల్లగా వేరే మందుకి మార్చవచ్చేమో వాళ్ళు చూస్తారు, ఫోలిక్ యాసిడ్ మొదలుపెడతారు. లామోట్రిజిన్‌కి మార్చితే గర్భంలో దాని స్థాయి బాగా పడిపోతుంది, అప్పుడు రక్త పరీక్షలు నిజంగానే తరచూ కావాలి. పెళ్ళయ్యాక పిల్లలు అప్పుడే వద్దనుకుని మాలా-డి లాంటివి వాడాలనుకుంటే ముందు అడగండి, ఎప్టాయిన్, కార్బమాజెపిన్, గార్డినాల్ లాంటి ఫిట్స్ మాత్రలు వాడేవాళ్ళలో ఆ బిళ్ళలు సరిగ్గా పనిచేయవు. సంబంధం వాళ్ళ దగ్గర ఫిట్స్ సంగతి దాచకండమ్మా. ఫిట్స్ ఉంటే పెళ్ళి చెల్లదనే మాట హిందూ వివాహ చట్టంలోంచి 1999లో తీసేశారు. దాచి చేస్తే ఆ అమ్మాయి అత్తవారింట మాత్ర కూడా చాటుగా మింగాలి, చాటుగా మింగే మాత్ర ఒక పూట తప్పుతుంది.

చివరగా చెరువు పని. స్థాయి తగ్గింది కదా అని వెంటనే రాత్రి కాపలాకి వెళ్ళనివ్వకండి. నిద్ర చెడితే ఫిట్స్ లేస్తాయి, పక్కనే నీళ్ళు, ఏరియేటర్ల హోరులో పడినా ఎవరికీ వినపడదు. పగలు, ఇంకో మనిషి తోడుంటేనే మేత వేయమనండి, నాటు పడవ మీద ఒంటరిగా వద్దు. ఒకవేళ ఫిట్స్ వస్తే నీళ్ళకి దూరంగా లాగి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏదీ కుక్కొద్దు, అయిదు నిమిషాల్లో ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇవి పక్క చెరువు వాళ్ళకి కూడా చెప్పి ఉంచండి.

చెరువు ఆసామి దగ్గరికి రెండు రిపోర్టులూ పట్టుకెళ్ళండి, 31 ఉన్నదీ, 16 ఉన్నదీ, రెండూ. ఆ తేదీల్లో ఆయన ఎలా ఉన్నారో ఆసామికే గుర్తుంటుంది. నమ్మకపోతే నా నంబరు మీ దగ్గరుంది, అక్కడే నిలబడి నాకు కలపండి, నేను మాట్లాడతాను.